రెండుసార్లు అడిగే మనిషి

మూడేళ్ల క్రితం మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనొక మెసేజ్ పెట్టాను. "మాకేం తెలియదు. ఆవిడ మమ్మల్ని అడగలేదు." అంతే. కప్పులో కాఫీ చల్లారేలోపు టైప్ చేసి పంపేశాను. అది అబద్ధం. ఆమె అడిగింది, నేను ఒప్పుకున్నాను. ఈ సంగతి తెలిసినవాళ్లం నలుగురమే: నేను, నా భార్య సునీత, మా అమ్మాయి మేఘన, ఆమె. ఆ నలుగురిలో చెప్పవలసినవాణ్ని నేను. చెప్పలేదు.

ఆ ఒక్క మెసేజ్‌తో ఒక మనిషి పేరు పోయింది. ఇప్పటికీ టెక్సాస్‌లోని మా కాపెల్‌లో ఆమె ప్రస్తావన వస్తే, "ఆ స్కాట్లాండ్ ఆవిడేగా, పక్కింటివాళ్లని అడక్కుండా వీడియో తీసి పెట్టింది" అంటారు. ఆమె అలాంటి మనిషి కాదు. ఎలాంటి మనిషో నాకు తెలిసినంత రాస్తాను. పేరు మాత్రం రాయను. ఇంటర్నెట్‌లోంచి తన పేరును ఆమే తీసేసుకుంది. దాన్ని మళ్లీ పట్టుకొచ్చే హక్కు అందరికన్నా నాకే తక్కువ. మా అమ్మాయి 'స్కాట్లాండ్ ఆంటీ' అనేది. అది చాలు.

మా పక్కిల్లే. మేము మా ఇల్లు కొనేసరికే ఆమె భర్త పోయి రెండేళ్లయింది. అరవై దాటిన మనిషి, బాగా పొడగరి. ఎప్పుడూ భర్త చొక్కాలే వేసుకునేది, చేతులు మోచేతి దాకా మడిచి. ఒక నీలం చొక్కాకి ఎడమ మోచేతి దగ్గర పసుప్పచ్చ దారంతో మాసిక వేసి ఉండేది. నీలం దారం లేదా అని సునీత అడిగితే, "ఉంది. కానీ అప్పుడు ఎవరికీ కనబడదుగా!" అంది. ఆమె మాటలన్నీ ఇంగ్లీషులోవే, నాకు అర్థమైనట్టు తెలుగులో రాస్తున్నాను. నిజానికి మొదటి ఆర్నెల్లు మాకు సగం కూడా అర్థమయ్యేవి కావు. 'అవును' అనడానికి 'అయ్' అనేది. 'వీ' అంటే చిన్నదని. ఏ వస్తువైనా ఆమెకి 'వీ' వస్తువే. వీ చెంచా, వీ గిన్నె, వీ తుపాను.

"ఏవండీ, ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషేనా?" అని సునీత లోపలికొచ్చి నవ్వేది.

"నన్నడుగుతావేం? నేను ఆఫీసులో టెక్సాస్ ఇంగ్లీషుకే తలూపి నెట్టుకొస్తున్నా."

ఆమె పని వీడియోలు చేయడం. పని అనకూడదేమో, దానిమీద పైసా వచ్చేది కాదు. వంటింటి కిటికీ గట్టు మీద టీ డబ్బా పెట్టి, దానికి ఫోను ఆనించి, ఒక్క నిమిషం మాట్లాడేది. వెనక పాట ఉండదు. "రైట్, ఇవాళ ఏం పారేయకుండా ఉందాం?" అని మొదలు. బంగాళాదుంప తొక్కలు, చిరిగిన మేజోడు, పిడి ఊడిన కెటిల్. ఇలాంటి వీడియోలే చేసేవాళ్లు స్కాట్లాండ్‌లో నలుగురైదుగురు ఆమెకి స్నేహితులు. వారానికోసారి ఎవరి వంటిళ్లలో వాళ్లుండి కలిసి మాట్లాడుకునేవారు: చలికి కిటికీ సందులు ఎలా మూయాలి, బస్సుల కోసం కౌన్సిల్‌ని ఎలా సతాయించాలి, సముద్రంలో కొత్త చమురు బావులు ఎందుకు వద్దు. వేలమంది చూసేవారు. శనివారం ఉదయం మా ఊరి లైబ్రరీలో పిల్లలకి బట్టలు బాగుచేయడం నేర్పేది. ఆ శనివారాల గురించి చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు మారేది. వీడియోల గురించి అలా చెప్పేది కాదు.

కారు ఉండేది కాదు. కూరగాయల షాపుకి రెండు చక్రాల సంచీ ఈడ్చుకుంటూ నడిచి వెళ్లేది. మా దగ్గర నడిచే మనిషిని చూస్తే అందరికీ అనుమానమే. ఒకసారి ఎండలో పోలీసు కారు ఆమె పక్కన ఆగింది. "మేడమ్, మీ కారు పాడైందా?" అని అడిగాడట. "లేదు బాబూ, నా కాళ్లు ఇంకా పాడవలేదు" అందట. ఇది మా గుమ్మంలో నిలబడి చెప్పి, చొక్కా చేత్తో కళ్లు తుడుచుకునేంత నవ్వింది. సునీతా నవ్వింది. నేను 'పోలీసు కారు ఆగింది' దగ్గరే ఆగిపోయాను. పద్దెనిమిదేళ్లుగా ఇక్కడున్నాను. ఏ తప్పూ చేయకపోయినా అద్దంలో పోలీసు కారు కనబడితే నా చేతులు చల్లబడతాయి. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తను. లాయరు ఆఫీసు నుంచి మెయిల్ వస్తే ముందు బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని చదువుతాను. హెచ్‌వన్ వీసా మీద బతికేవాళ్లకి ఇది కొత్త కాదు.

ఆమెకి భయం లేదని నేననుకున్నాను. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆ అభిప్రాయం పోయింది.

సుడిగాలి సైరన్ మోగింది. మా వైపు ఇళ్లకి కింద నేలమాళిగలుండవు. మెట్ల కింద సూట్‌కేసులు పెట్టుకునే చిన్న గదే దిక్కు. ఆమె ఇంట్లో అదీ లేదు. సునీత పరుగెత్తి ఆమెని పిలుచుకొచ్చింది. నలుగురం సూట్‌కేసుల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాం. బయట ఆకాశం అప్పటికే పాచి పట్టిన నీళ్ల రంగులోకి తిరిగింది. వడగళ్లు కప్పు మీద పడుతుంటే ఎవరో రాళ్ల లారీ దింపుతున్నట్టుంది. మేఘన ఏడుస్తోంది. ఆమె జేబులోంచి సూది తీసి, "ఆ సాక్సు ఇలా ఇవ్వు, బొటనవేలు బయటికొచ్చింది" అని ఫోను వెలుగులో కుట్టడం మొదలుపెట్టింది. నేను దగ్గరగా చూశాను. సూది రెండుసార్లు ఆమె వేలికే గుచ్చుకుంది.

"మీకు భయమేస్తోందా?" అన్నాను, ఆశ్చర్యంగా.

"రోజూ. లేచిన దగ్గర్నుంచి. చేతికి పనుంటే కాస్త తగ్గుతుంది."

తర్వాత, అడక్కుండానే చెప్పింది. వాళ్ల ఊరి శ్మశానం సముద్రం ఒడ్డున ఉంది. ఆమె తండ్రిని పూడ్చినప్పుడు ఆయన సమాధి గోడ నుంచి ఐదో వరస. చలికాలపు అలలు గోడని, ముందు వరసలని తీసుకుపోయాయి. ఇప్పుడాయనది రెండో వరస. "ఫోను మోగితే మా చెల్లెలేమోనని భయం. ఎత్తాలనిపించదు" అంది. తెలియని నంబరు ఎత్తని నేను ఆమె కుట్టు దగ్గరికి ఫోను వెలుగు ఇంకాస్త జరిపి పట్టుకున్నాను. సుడిగాలి మా ఊరు తాకకుండా పోయింది. సాక్సు మాత్రం పూర్తయింది, ఎర్ర దారంతో.

ఇక దండెం సంగతి.

మా కాలనీలో బట్టలు బయట ఆరేయకూడదు. ఇళ్లవాళ్ల సంఘం, అంటే హెచ్‌ఓఏ, పెట్టిన నియమం. కాలనీ అందం పాడవుతుందట. కానీ మంగళగిరి చీరల్ని డ్రయ్యర్‌లో వేసేవాళ్లెవరు? అందుకని మా తెలుగు ఇళ్లన్నిటిలో ఒక రహస్య పద్ధతి ఉంది. పెరటి ఫెన్స్ ఆరడుగులుంటే, నైలాన్ తాడు ఐదడుగుల్లో కడతాం. చీరని నాలుగు మడతలు వేసి, కింద గడ్డికి తగలకుండా, పైన ఫెన్స్ దాటకుండా ఆరేస్తాం. సంఘంవాళ్ల కారు నెమ్మదిగా వీధిలో తిరుగుతుంటే పిల్లలు "వస్తున్నారు, వస్తున్నారు" అని అరుస్తారు. ఒక జూన్ పొద్దున సునీత ఇస్తానన్న పచ్చడి తీసుకోవడానికి ఆమె మా పెరట్లోకి వచ్చి ఈ ఏర్పాటు చూసింది. చూసి, గడ్డి మీద కూర్చుని నవ్వింది.

"దొంగ సరుకు! నేను ఇన్నేళ్లుగా బట్టలు బాత్‌రూమ్‌లో ఆరేసుకుంటున్నాను. మీరు నాకొక్క మాట చెప్పలేదే!"

దీన్ని వీడియో తీస్తానంది. సునీత "మొహాలు రాకపోతే సరే" అంది. నన్నడిగితే "ష్యూర్, నో ప్రాబ్లమ్" అన్నాను. మనవాళ్లం అంతే కదా. పెద్దావిడ, పక్కింటావిడ, నవ్వుతూ అడుగుతోంది. మన నోట్లోంచి కాదనే మాట ఎలా వస్తుంది? ఆ సంగతి ఆమెకి తెలుసు. చాలా ఏళ్ల క్రితం వాళ్ల ఊళ్లో వల అల్లే ఒక ముసలాయన్ని వీడియో తీసిందట. ఆయన తలూపాడు. తర్వాత ఆయన కూతురు వచ్చి, నాన్నకి చెవులు వినబడవు, నువ్వేమడిగావో ఆయనకి తెలియదు అందట. అప్పట్నుంచి ఆమె ఎవరినైనా రెండుసార్లు అడుగుతుంది. రెండోసారి ఫోను ఆన్ చేసి అడుగుతుంది. "మొదటి సరే మర్యాదకి అంటారు. నాకు రెండోది కావాలి" అంది.

ఫోను ఆన్ చేసింది. "ఇది చాలామంది చూస్తారు. మీ ఇల్లని ఎవరైనా గుర్తుపట్టవచ్చు. పెట్టమంటారా? వద్దంటే నాకేమీ కోపం లేదు, పచ్చడి మాత్రం తిరిగివ్వను."

"పెట్టండి, పెట్టండి" అన్నాను నవ్వుతూ. అక్కడితో ఆగలేదు. ఆఫీసుకి బయల్దేరినవాణ్ని, మెళ్లో బ్యాడ్జి వేలాడుతుండగానే చీర నాలుగు మడతలు ఎలా వేయాలో చేసి చూపించాను. మేఘన మెట్ల మీద కూర్చుని మామిడిపండు తింటూ చూస్తోంది.

ఆమె పెట్టిన వీడియోలో నా మొహం లేదు. చేతులు, చీరలు, తాడు మీద నా గళ్ల లుంగీ, ఫెన్స్. చివర ఆమె గొంతు: "నేల కింద చమురు ఉన్న ఈ రాష్ట్రంలో, ఎండలో బట్టలు ఆరేసుకోవడానికి ఒక కుటుంబం దాక్కోవాలా?" అని. దానికింద, మా దగ్గర ఒక స్కూలు పక్కన తవ్వబోతున్న గ్యాస్ బావి వద్దనే పిటిషన్ లింకు పెట్టింది.

మామూలుగా వేలల్లో చూసేవాళ్లు ఈసారి లక్షల్లోకి వెళ్లిపోయారు. మూడోరోజు ఫెన్స్ గుర్తుపట్టి సంఘం నుంచి మాకు ఉత్తరం వచ్చింది. అదే వారం నా వీసా పొడిగింపు మీద అదనపు కాగితాలు అడుగుతూ నోటీసు వచ్చింది. నేను పనిచేసే క్లయింటు ఒక చమురు కంపెనీ. లాయరు అందరికీ పంపినట్టే నాకూ ఒక మెయిల్ పంపాడు: సోషల్ మీడియాలో జాగ్రత్తగా ఉండండి. ఈ మూడూ నా తలలో ఒకదానికొకటి ముడిపడిపోయాయి. ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని నా లుంగీని, నా ఫైలుని పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నట్టే అనిపించేది. నా పేజీలోంచి వినాయకచవితి ఫోటోలు కూడా తీసేశాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఇక గ్రూపు భగ్గుమంది. "ఆడవాళ్ల బట్టలు ఊరంతా చూపించిందేంటి?" "ఇప్పుడు హెచ్‌ఓఏవాళ్లు అందరి పెరళ్లూ చూస్తారు!" మధ్యలో నా స్నేహితుడు రవీందర్: "అన్నా, ఆ గళ్ల లుంగీ నీదే గదనే? ఎక్కడున్నా గుర్తుపడ్త!" అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. వెంటనే ఇంకో మెసేజ్: "గది సరే. ఆమె మిమ్మల్ని అడిగిందా, అడగలేదా?"

అప్పుడు రాశాను ఆ మెసేజ్.

సునీత నా భుజం మీంచి చదివింది. "అదేంటండీ, అడిగింది కదా."

"వీసా రానీ. వచ్చాక చెబుదాం."

"వచ్చాక చెబితే ఎవరిక్కావాలి?"

గంట గడవకముందే నా మాటని ఎవరో ఇంగ్లీషులో ఆ వీడియో కింద పెట్టేశారు: ఆ కుటుంబం ఒప్పుకోలేదు. ఇక జనం విరుచుకుపడ్డారు. దొంగ అన్నారు. వలస వచ్చినవాళ్ల బతుకులు చూపించి పేరు తెచ్చుకుంటోందన్నారు. అవి చదువుతూ ఒక్కొక్కసారి నాకు కూడా నిజమే అనిపించేది, అంత బాగా రాశారు. అన్నిటికన్నా ఆమెని దెబ్బతీసింది స్కాట్లాండ్ స్నేహితులు. ఏళ్లుగా వంటింట్లోంచి వంటింట్లోకి మాట్లాడుకున్నవాళ్లు ఒక్కొక్కరే, పేరు చెప్పి, తమకీ ఆమెకీ సంబంధం లేదని వీడియోలు పెట్టారు. లైబ్రరీవాళ్లు శనివారం క్లాసు ఆపేశారు.

నా దగ్గరున్న భయం వేరు. నేను "పెట్టండి, పెట్టండి" అన్న వీడియో ఆమె ఫోన్లో ఉంది. నా మొహం, నా నవ్వు, నా బ్యాడ్జి. ఆమె అది ఒక్కటి బయటపెడితే చాలు, ఆమె గెలుస్తుంది, నేను అయిపోతాను. గంటకోసారి ఆమె పేజీ తెరిచి చూసేవాణ్ని. ఆఫీసు మీటింగులో బల్ల కింద చూసేవాణ్ని.

లైబ్రరీ క్లాసు ఆగిన రెండోరోజు మధ్యాహ్నం మా బెల్ మోగింది. ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఫోన్లో డోర్‌బెల్ కెమెరా తెరిస్తే ఆమె. నేను తలుపుకి ఇవతల, రెండడుగుల దూరంలో, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆమె కెమెరాలోకి చూసింది.

"నువ్వు లోపల ఉన్నావని తెలుసు. పోట్లాడ్డానికి రాలేదు. ఆ రోజు నువ్వు ఉన్న వీడియో నా దగ్గరుంది కదా. ఇవాళ ఫోన్లోంచి చెరిపేస్తున్నాను. నువ్వు నిద్రపో."

కాసేపు ఆగింది. నేను తలుపు తీస్తాననుకుందేమో. గడియ మీద నా చెయ్యి ఉంది. తీయలేదు. అప్పుడు నాకొచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది: ఇది నిజమా, నన్ను బయటికి రప్పించే ఎత్తా?

నిజమే. సాయంత్రానికి ఆమె పేజీలో ఒక్క వాక్యం వచ్చింది: "తప్పు నాది. దండెం వీడియో తీసేశాను." తర్వాత పేజీయే తీసేసింది.

ఏడు వారాలకి నా పొడిగింపు వచ్చింది. లాయరుకి ఫోన్ చేసి, వీడియో విషయం ఏమైనా అడిగారా అన్నాను. "వీడియోనా? ఏ వీడియో?" అన్నాడు. అడిగింది పాత జీతం కాగితాల గురించేనట. నా ఫైలు వైపు ఎవరూ అలా చూడనే లేదు.

ఇక్కడిదాకా చదివినవాళ్లు, పోనీ పాపం భయపడ్డాడు అనుకోవచ్చు. అలా అనుకోకండి. కాగితం వచ్చిన రోజున భయానికి కారణం పోయింది. ఆమె ఇంకా పక్కింట్లోనే ఉంది. పాతిక అడుగులు నడిస్తే చాలు. నడవలేదు. అబద్ధం చెప్పినవాడిగా దొరికిపోతాననే భయం వీసా భయంకన్నా పెద్దదని అప్పుడే తెలిసింది.

అక్టోబర్‌లో ఆమె ఇల్లమ్మేసి స్కాట్లాండ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు నేను మేడ మీద బ్లైండ్స్ సందులోంచి చూశాను. కింద డ్రైవ్‌వేలో సునీతతో మాట్లాడుతోంది. తర్వాత సునీత పైకి వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఏమంది?"

"మీ కాగితం వచ్చిందా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"వచ్చిందన్నాను. 'గుడ్' అని నా చెయ్యి పట్టుకుంది." సునీత లేచి కిందికి వెళ్లిపోయింది.

తర్వాత మేమూ ఆ మాట ఎత్తలేదు. పక్కింట్లోకి వేరేవాళ్లొచ్చారు. ఈ ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మేఘన స్కూలు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నా ముందు నిలబడింది.

"డాడీ, మా క్లాస్‌లో స్కాట్లాండ్ ఆంటీ వీడియో చూపించారు. ఎవరో సేవ్ చేసుకున్నారంట. పర్మిషన్ లేకుండా వీడియో తీయడం ఎంత రాంగో అని ఎగ్జాంపుల్."

నేను ల్యాప్‌టాప్ మూశాను.

"అది మన యార్డ్. ఆంటీ అడిగింది. నువ్వు ష్యూర్ అన్నావ్. ఐ వాజ్ రైట్ దేర్."

"నువ్వు క్లాస్‌లో చెప్పావా?" అన్నాను. ఆ క్షణంలో కూడా నా నోట్లోంచి ముందు వచ్చిన మాట అదే.

"చెప్పలేదు. నీ వీసాకి ఏమైనా అవుతుందేమో అని." ఆ పిల్ల చేతులు బ్యాగు పట్టీని నలుపుతున్నాయి. "నాకు స్కేరీగా అనిపించింది."

పదహారేళ్ల పిల్ల. ఇక్కడే పుట్టింది. ఏ కాగితంతోనూ పని లేదు. నా భయం దానికి ఎలా వచ్చిందో నేనెవరినీ అడగనక్కర్లేదు.

ఆ రోజే గ్రూపులో రాశాను, ఉన్నది ఉన్నట్టు. ఆమె రెండుసార్లు అడిగింది, నేను రెండుసార్లూ ఒప్పుకున్నాను, తర్వాత అబద్ధం చెప్పాను అని. రాత్రికి రవీందర్ ఫోన్ చేశాడు. "ఇప్పుడెందుకన్నా ఇదంతా? అందరూ మర్చిపోయిన్రు గదా."

"తప్పు ఆమెదని మాత్రం మర్చిపోలేదు, రవీందర్."

"గది నిజమే," అన్నాడు. "నేను గూడ ఆ కామెంట్ల కింద ఏదో రాసిన. యాదికొస్తలేదు ఏం రాసిన్నో." పెట్టేశాడు. మేఘన స్కూలు టీచరుకి, లైబ్రరీకి నా పేరుతో, ఫోన్ నంబరుతో ఉత్తరాలు రాశాను. పంపాను.

తర్వాత సునీత ఒక నంబరు తెచ్చిచ్చింది. స్కాట్లాండ్ నంబరు. ఇన్నేళ్లూ క్రిస్మస్‌కి ఒకసారి, ఆమె పుట్టినరోజుకి ఒకసారి నాకు తెలియకుండా ఆమెతో మాట్లాడుతోందట.

శనివారం ఉదయం వీడియో కాల్ చేశాను. వాళ్లకి మధ్యాహ్నం. ఏం చెప్పాలో ఒక కాగితం నిండా రాసుకున్నాను: వీసా, నోటీసు, క్లయింటు, పిల్ల చదువు, అన్నీ వరసగా. ఆమె ఎత్తింది. చిక్కిపోయింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. వెనక కిటికీ అద్దాలు గాలికి టపటపలాడుతున్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఫోనుని టీ డబ్బాకి ఆనించి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఈసారి నా పని తను చేసిపెట్టదని అర్థమైంది.

కాగితం చూశాను. అందులో ఉన్నవన్నీ నా గురించే. దాన్ని బల్ల మీద బోర్లించాను.

"మీరు తలుపు దగ్గరికి వచ్చిన రోజు నేను లోపలే ఉన్నాను," అన్నాను. "మీరు చెప్పింది ప్రతి మాటా విన్నాను. మీ మీద పడ్డ నింద నేను వేసిందే. దాన్ని తీసేయడానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. మూడేళ్లు తీయలేదు. మీ పిల్లల క్లాసు నావల్ల పోయింది, మీ స్నేహితులు నావల్ల పోయారు. నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించకపోయినా సరే, ఈ మాట ఇకనుంచి ఎవరడిగినా ఇలాగే చెబుతాను."